బావి పూడ్చే ముందు: మోటారు పోతే పోనీ, లోపలికి మాత్రం దిగొద్దు

మొన్న మా పక్క ఊళ్లో ఒకాయన చేలో ఉన్న పాత మోట బావిని పూడ్పిద్దామని జెసిబి మాట్లాడుకున్నాడు. బండి వచ్చేలోపు లోపల పడి ఉన్న మోటారు, ఇనప పైపులు తీసేస్తే పాత ఇనుము రేటైనా వస్తుంది కదా అని నడుముకు తాడు కట్టుకుని దిగాడు. సగం దిగేసరికే కళ్లు తిరిగి రాతి మెట్టు మీద వాలిపోయాడు. ఆయన వాలిపోవడం చూసిన తమ్ముడు, తాడు సంగతే మర్చిపోయి, తువ్వాలు మూతికి చుట్టుకుని దిగబోయాడు. వాళ్లమ్మ కింద కూర్చుని వాడి కాలు రెండు చేతులా వాటేసుకుని వదల్లేదు. ఈలోగా మిగతావాళ్లు తాడు లాగారు, మనిషి బతికాడు.

పాములుంటాయి, పిల్లల్ని రానివ్వొద్దు లాంటివి మీకు నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పేది ఒక్కటే: పూడ్చాలనుకున్న బావిలోకి ఎవరూ దిగొద్దు. ఎలాగూ పూడ్చేసేదే కదా, దిగాల్సిన పనేముంది? మోటారు కావాలంటే పైనుంచి పాతాళగరిగె వేసి లాగండి, రాకపోతే వదిలేయండి.

ఏళ్ల తరబడి తోడని బావిలో ఆకులు, చచ్చిన ఎలుకలు, నాచు కుళ్లుతూ ఉంటాయి. ఆ కుళ్లు లోపలి ఆక్సిజన్‌ను తినేసి కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. అది గాలి కంటే బరువు, చెంబులో నీళ్లలా అడుగునే నిలుస్తుంది. రంగు లేదు, వాసన లేదు. మామూలు గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం, 19.5 కంటే తగ్గితేనే ప్రమాదం కింద లెక్క. ఇంకా బాగా తగ్గిన చోట మనిషికి అరిచే టైం కూడా ఉండదు. కుళ్లిన గుడ్ల వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటే మరీ మోసం, అది ఎక్కువైతే ముక్కు పనిచేయడం మానేస్తుంది, వాసన పోయింది కదా గాలి బాగైందనుకుంటాం.

లాంతరు దించి చూశాం, ఆరలేదు అంటారు. లాంతరు ఆరితే దిగకూడదన్నది నిజం, ఆరకపోతే దిగొచ్చన్నది అబద్ధం. హైడ్రోజన్ సల్ఫైడ్ సంగతి దీపానికి తెలీదు, పైగా లోపల మీథేన్ ఉంటే ఆ దీపమే అంటిస్తుంది.

2025 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్‌లోని ఖండ్వా జిల్లాలో గణగౌర్ పండక్కి బావి శుభ్రం చేయబోయి ఎనిమిది మంది చనిపోయారు. ఒకరి కోసం ఒకరు దిగారు. మొదటివాణ్ని ఇనుమో, పూడికో దింపుతుంది, రెండోవాణ్ని ప్రేమ దింపుతుంది. లోపల మనిషి పడిపోతే 101కో 112కో ఫోన్ చేయండి, తాడుంటే లాగండి, దిగొద్దు. ఫైరింజను వాళ్లు గాలి సిలిండరు తగిలించుకుని దిగుతారు, మన తువ్వాలు దుమ్మును ఆపుతుందేమో గానీ గ్యాసును ఆపదు.

ఇక పూడ్చడం. ఎక్కువమంది చేసేది ముళ్లకంప, చెత్త, తాటి మొద్దులు నింపి పైన నాలుగు ట్రక్కుల మట్టి పోయడం. అది పూడ్చడం కాదు, మూత పెట్టడం. కంప కుళ్లి లోపల డొల్ల ఏర్పడుతుంది. మా చిన్నాన్న చేలో అలా పూడ్చిన మూడేళ్లకు దుక్కి దున్నుతుంటే ట్రాక్టరు వెనక చక్రం ఇరుసు దాకా దిగబడింది. స్లాబు వేసి వదిలేయడమూ అంతే. ఇండోర్‌లో 2023 శ్రీరామనవమి నాడు గుళ్లో జనం కూర్చున్న గచ్చు కింద పాత దిగుడు బావి ఉంది, పైన వేసిన స్లాబు కూలి 36 మంది పోయారు.

అడుగు నుంచి నీటి మట్టం దాకా శుభ్రమైన రాళ్లు, కంకర, ఇసుక. ఆ పైన మొరం గానీ మట్టి గానీ పొరలు పొరలుగా. చెత్త వేస్తే ఆ మురికి ఊటల్లోంచి పక్కవాళ్ల బోరులోకి పోతుంది, తర్వాత ఊళ్లో మొహం చూపించలేరు. పైన రెండు మూడు అడుగులు బంకమట్టి వేసి తొక్కించండి, వాన నీళ్లు దిగకుండా.

మిగతావి గుర్తొచ్చినట్టు చెప్తున్నా. ఎండాకాలంలోనే పెట్టుకోండి, నీళ్లు అడుగంటి ఉంటాయి. ముందు కరెంటు తీయించండి, స్టార్టరు ఆపితే చాలదు, వైరే ఊడదీయించాలి. నీళ్లు మొత్తం ఒక్కసారే తోడొద్దు, లోపలి నీళ్లే గోడను ఆనుకుని నిలబెడుతున్నాయి, తోడేస్తే కట్టడం కూలుతుంది. తోడటానికి డీజిలింజను లోపలికి దించొద్దు, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. ట్రక్కును అంచు దాకా రివర్సు తోలొద్దు. పదిహేను ఇరవై అడుగుల అవతల గుమ్మరించి జెసిబితో నెట్టించండి, బండికీ అంచుకీ మధ్య ఎప్పుడూ మట్టి కుప్ప ఉండాలి. ఎందుకంటే రాళ్ల వెనక మట్టి ఎప్పుడో జారిపోయి ఉంటుంది, పైకి గట్టు గట్టిగానే కనిపిస్తుంది. రాత్రికి పని ఆగితే చుట్టూ కంచె వేయండి. ఒరల రాళ్లు ఇంటికి పనికొస్తాయని ఎవరైనా దిగబోతే చెయ్యి పట్టుకుని ఆపండి. సెల్‌ఫోన్ పడిపోయినా దిగొద్దు. మేకపిల్ల పడినా దిగొద్దు. మేస్త్రి "నాకు అలవాటే" అన్నా దిగనివ్వొద్దు. మందు తాగినవాణ్ని ఆ చుట్టుపక్కలకే రానివ్వొద్దు. పూడ్చిన చోట షెడ్డు, పశువుల కొట్టం, ట్యాంకు కట్టొద్దు. పైన మట్టిని నేలకు సమంగా కాకుండా కుప్పగా వదలండి, ఇంకో రెండు ట్రక్కులు పక్కన ఉంచుకోండి, వానాకాలం దాటేసరికి అది తప్పకుండా కుంగుతుంది.