నీటిలో అత్యల్ప లోహాల కొలత – 4వ పాఠం: ఉప్పు నీళ్లలో సీసం

గత పాఠంలో 1 శాతం నైట్రిక్ ఆమ్లం కలిపిన శుద్ధజలంలో సీసపు ప్రామాణిక ద్రావణాలు తయారు చేసుకుని, నమూనా చుక్కను బాగా వేడిచేసి ఆవిరి చేసే గ్రాఫైట్ ఫర్నేస్‌లో 283.3 నానోమీటర్ల కాంతి దగ్గర వాటి అబ్జార్బెన్స్ (ఆవిరిలోని సీసం ఎంత కాంతిని పీల్చుకుందో చూపే అంకె) చదివి, ఒక సరళరేఖ గీసుకున్నాం. వానాకాలంలో నిండిన పాకాల చెరువు నీటికి ఆ రేఖ చాలావరకు సరిపోవచ్చు గాని, హనుమకొండ, పరకాల వైపు గట్టి రాయిని తొలిచి వేసిన బోర్ల నీటికీ సరిపోతుందని ముందే నమ్మకూడదు. గిన్నెల అడుగున తెల్లని పొర కట్టే ఈ ఉప్పు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం, క్లోరైడు ఎక్కువగా ఉంటాయి. వీటిలో క్లోరైడుతో కలిసిన సీసం తేలికగా ఆవిరవుతుంది కాబట్టి, కొలిచే క్షణం రాకముందే కొంత ఎగిరిపోతుంది. అమ్మోనియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ వంటి మోడిఫయర్ (సీసం ముందే ఎగిరిపోకుండా నమూనాకు కలిపే పదార్థం) ఈ నష్టాన్ని తగ్గిస్తుంది. ఇంకా ఎంత నష్టం మిగిలిందో, తెలిసినంత సీసాన్ని నమూనాకే చేర్చి చూసే ప్రామాణిక చేర్పు పద్ధతి చెబుతుంది.

నాలుగు 25 మిల్లీలీటర్ల వాల్యూమెట్రిక్ ఫ్లాస్కులలో ఒక్కొక్కదానిలో ఆమ్లీకరించిన బోరు నీటిని 20 మిల్లీలీటర్లు తీసుకోండి. లీటరుకు 250 మైక్రోగ్రాముల సీసం ఉన్న ద్రావణాన్ని వరుసగా 0, 0.5, 1.0, 1.5 మిల్లీలీటర్లు చేర్చి, పలుచని ఆమ్లంతో గీత వరకు నింపండి. ఇప్పుడు చేర్చిన సీసం లీటరుకు 0, 5, 10, 15 మైక్రోగ్రాములు. రీడింగులు 0.024, 0.044, 0.064, 0.084 వచ్చాయనుకుందాం. (నిజమైన రీడింగులు ఇంత బుద్ధిగా వరుసలో నిలబడవు; అప్పుడు బిందువులన్నిటికీ వీలైనంత దగ్గరగా పోయేలా కనిష్ఠ వర్గాల పద్ధతిలో రేఖ వేయాలి.) రేఖ వాలు (లీటరుకు ఒక్కో మైక్రోగ్రాముకు పెరిగే రీడింగు) 0.004 కనుక, ఏమీ చేర్చని ఫ్లాస్కులో సీసం 0.024 ÷ 0.004 = 6; పలుచన చేసినందుకు 25/20తో గుణిస్తే నమూనాలో 7.5 మైక్రోగ్రాములు.

శుద్ధజలపు రేఖ వాలు 0.006 అనుకుంటే, అదే 0.024కు దాని ప్రకారం ఫ్లాస్కులో 4, నమూనాలో 5 మాత్రమే వచ్చేది. అంటే సీసంలో మూడో వంతు లెక్కకు రాలేదు. తాగునీటి భారత ప్రమాణం ఐఎస్ 10500:2012 తాగునీటిలో సీసానికి పెట్టిన పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాము, అంటే 10 మైక్రోగ్రాములు. ఆ గీతకు దగ్గరగా ఉన్న బోర్ల విషయంలో ఇంత తేడా తీర్పునే మార్చగలదు.

అయితే ఈ పద్ధతి సరిచేసేది వాలును మాత్రమే. సీసా గోడల నుంచో, ఆమ్లం నుంచో వచ్చి చేరిన సీసాన్ని ఇది బోరు నీటి ఖాతాలోనే వేస్తుంది. అందుకే నమూనాకు బదులు 20 మిల్లీలీటర్ల శుద్ధజలాన్ని అదే సీసాలో ఉంచి, అదే ఆమ్లం కలిపి, బ్లాంక్‌గా విడిగా కొలవాలి. దానిలో ఉప్పు లేదు కాబట్టి దాన్ని శుద్ధజలపు రేఖతోనే లెక్కించాలి. బ్లాంక్ 0.006 చూపితే ఫ్లాస్కులో 1, నమూనా లెక్కన 1.25 మైక్రోగ్రాములు, 7.5 నుంచి తీసివేస్తే 6.25. రీడింగులలో ఉన్న అంకెలను బట్టి దీన్ని 6 అని రాయడమే నిజాయితీ.

ప్రతి నమూనాకూ నాలుగు ఫ్లాస్కులంటే పని భారమే. ఒకే ఊరి బోర్లయితే, అన్నిటికంటే ఉప్పగా ఉన్న ఒకదానికి ముందు ఇలా చేసి, వాలు శుద్ధజలపు వాలుకు 10 శాతం లోపు తేడాతో ఉంటే మిగిలినవాటిని పాత రేఖతోనే కొలవండి.