మతాల సారం పట్టుకోవాలంటే చెనిక్కాయ రైతు తరఫున అడగండి

గుత్తి దగ్గర హైస్కూల్లో చాలా ఏళ్లు సోషల్ చెప్పాను. తొమ్మిదో తరగతి పిల్లలైనా, గ్రూప్స్‌కు చదివే పెద్దవాళ్లైనా ఈ పాఠం దగ్గర చేసేది ఒకటే. బౌద్ధం అనగానే ఆర్యసత్యాలు నాలుగు, జైనం అనగానే రత్నాలు మూడు అని గడగడా అప్పజెప్తారు. "కర్మ అనే మాట ఇద్దరూ వాడారు కదా, తేడా ఎక్కడొచ్చింది?" అంటే గమ్మునుంటారు. నేను చెప్పే పద్ధతి ఆ తేడా పట్టుకోవడానికే.

పుస్తకం తెరిచే ముందే ఒక కష్టాన్ని ఎంచుకోండి. మా అనంతపురం వైపు దానికోసం వెతకాల్సిన పని లేదు. తొలకరికి ఒక రైతు చెనిక్కాయ (వేరుశనగ) విత్తనం వేశాడు. ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. చేనంతా ఎండి, పెట్టిన పెట్టుబడి మట్టిలో కలిసింది. ఈ రైతును ఒక్కో మతం ముందు కూర్చోబెట్టి అడిగించండి: నాకీ బాధ ఎందుకొచ్చింది, ఇప్పుడు నన్నేం చేయమంటావు, చివరికి నేను చేరేదెక్కడికి? జవాబులు మీ మాటల్లో రాసుకోండి. పారిభాషిక పదాలు తర్వాత చేర్చుకోవచ్చు.

మొదట జైన బౌద్ధాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. జైనంలో కర్మ అంటే కంటికి కనిపించని సూక్ష్మ పదార్థం. రాగద్వేషాలున్న జీవుడికి అది వచ్చి అంటుకుంటుంది. జీవుడు నిజంగా ఉన్నాడు, ఎవరి జీవుడు వాళ్లకే వేరు, మధ్యలో లెక్క చూసి ఫలితమిచ్చే దేవుడు లేడు. కాబట్టి జైనం రైతుతో, అనుభవానికి వచ్చిన బాధను కోపతాపాలు లేకుండా భరించు, కోపం పెంచుకుంటే కొత్త కర్మ వచ్చి చేరుతుంది అంటుంది. కొత్తది రాకుండా ఆపడం సంవరం, పాతది రాల్చుకోవడం నిర్జర. అంతా రాలిపోతే జీవుడు తన సహజమైన అనంత జ్ఞానంతో మిగులుతాడు. అహింస మీద అంత పట్టుదల ఎందుకో ఇప్పుడు తెలుస్తుంది: హింస చేస్తే కర్మ ముందు చేసినవాడికే అంటుకుంటుంది.

బుద్ధుడి దగ్గరికి వస్తే లెక్క మారిపోతుంది. మనకు కలిగే బాధలన్నీ పూర్వకర్మ వల్లేనా అని సీవకుడనే పరివ్రాజకుడు అడిగితే, అలా అనడం తప్పన్నాడు. వాతం, పిత్తం, శ్లేష్మం, రుతువు మార్పు ఇలా ఎనిమిది కారణాలు చెప్పి, అందులో కర్మను ఒకటిగా మాత్రమే ఉంచాడు. "అంతా కర్మే అనేది బౌద్ధం" అని రాసే పిల్లల చేత ఈ సంగతి తప్పకుండా చదివిస్తాను. ఇంకో మాట కూడా అన్నాడు. వచ్చిన దెబ్బ ఒక బాణం, దాని మీద కుమిలిపోవడం రెండో బాణం. పంట పోవడం మన చేతిలో లేదు. "నా బతుకే ఇంత" అని రాత్రంతా కూర్చుంటామే, ఆ రెండోది ఆపుకోవచ్చు. ఇంతకీ ఆ "నా" అనేదాన్ని వెతికితే రూపం, వేదన (అనుభూతి), సంజ్ఞ (గుర్తుపట్టడం), సంస్కారాలు (మనసు పోకడలు), విజ్ఞానం (ఎరుక) అనే ఐదింటి ప్రవాహం తప్ప స్థిరమైన జీవుడెవరూ దొరకడంటాడు. జైనానికి అన్నిటికంటే గట్టి నిజమైన జీవుడు ఇక్కడ లేడు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగతా జాబితాలు వాటంతట అవే గుర్తుంటాయి.

వేదాంతానికి మన జిల్లాల్లోనే పాఠశాలలున్నాయి. తుంగభద్ర ఒడ్డున, రాఘవేంద్రస్వామి 1671లో బృందావన ప్రవేశం చేసిన మంత్రాలయం ద్వైతులది. జీవుడు ఎన్నటికీ దేవుడు కాడు, భేదం నిజం, నష్టమూ నిజం, ఆధారం హరి ఒక్కడే. అహోబిలం విశిష్టాద్వైతులది. జీవులూ జగత్తూ అన్నీ భగవంతుడికి శరీరం, ఆయన వాటికి ఆత్మ. అందుకే అక్కడ శరణాగతికి అంత విలువ. జీవుడూ బ్రహ్మమూ ఒకటేననే శంకరుడి అద్వైతం దగ్గర కొంచెం ఆగండి. "శంకరుడు జగత్తు అబద్ధమన్నాడు కాబట్టి పంట నష్టమూ అబద్ధమే" అని ఎవరైనా రాస్తే కొట్టేయండి. వ్యవహారంలో చేనూ, అప్పూ, ఆకలీ అన్నీ ఉన్నాయి. బ్రహ్మజ్ఞానం కలిగినప్పుడే ఆ స్థాయి దాటుతుంది. ఈ ముగ్గురూ ఎంత వాదించుకున్నా, కర్మకు ఫలమిచ్చేవాడు ఈశ్వరుడే అనే దగ్గర కలుస్తారు. జైనం ఒప్పుకోనిది సరిగ్గా దాన్నే.

ఇస్లాంను ఇదే రైతుతో అడిగిస్తే ఖురాన్ రెండో సూరాలోనే జవాబుంది. భయంతో, ఆకలితో, ధనప్రాణాల, ఫలాల నష్టంతో మిమ్మల్ని పరీక్షిస్తాం, ఓర్పు వహించినవాళ్లకు శుభవార్త చెప్పు అని. ఇక్కడ పూర్వజన్మ లేదు. ఒకే దేవుడు, ఒకే బతుకు, దానికొక తీర్పు రోజు. సిక్కుల మొదటి గురువు నానక్ రావి నది ఒడ్డున కర్తార్‌పూర్‌లో స్వయంగా వ్యవసాయం చేసినవాడు. నామం జపించు, కష్టపడి సంపాదించు, పంచుకుని తిను అన్నాడు. ఆకలిగొన్న రైతుకు లంగర్‌లో (గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే భోజనం) ముందు అన్నం దొరుకుతుంది.

చైనావాళ్లను ఎక్కువ సాగదీయక్కర్లేదు. గుర్రాలశాల కాలిపోతే కన్ఫ్యూషియస్ "మనుషులకేమైనా అయిందా?" అని అడిగాడట, గుర్రాల మాట ఎత్తలేదు. ఆయన చూపంతా మనిషికీ మనిషికీ మధ్య నడవాల్సిన తీరు మీదే. తావో మార్గంవాళ్లు ప్రకృతి పోకడకు బలవంతంగా ఎదురెళ్లొద్దంటారు. మెట్ట నేలలో ఏటేటా బోర్లు వేయించేవాళ్లు వినదగిన మాట అది.

రాసుకునేటప్పుడు "అన్ని మతాలూ ఒకటే చెప్తాయి" అనే వాక్యం మాత్రం నోట్సులో రానివ్వకండి. అది గౌరవంలా కనిపిస్తుంది కానీ, ఎవరి మాటా వినకుండా దాటేయడమే అవుతుంది. గుత్తి నుంచి పత్తికొండ దారిలో ఎర్రగుడి ఉంది. అక్కడి బండల మీద అశోకుడి పద్నాలుగు శాసనాలు, వాటితోపాటు చిన్న శాసనం ఉన్నాయి. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. చిన్న శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. పిల్లలను తీసుకెళ్తే ముందు అది చూపించండి, వేలు గాల్లో అటూ ఇటూ తిప్పుతూ వాళ్లే కనిపెడతారు. తర్వాత పన్నెండో శాసనం అర్థం చదవండి. అన్ని సంప్రదాయాల సారం పెరగాలి, దానికి మూలం నోరు అదుపులో ఉంచుకోవడం, ఇతరుల ధర్మాన్ని వినాలి అంటాడు. తేడాలు చెరిపేయమని అందులో లేదు.

చివరి పని ఇంట్లో కూర్చుని అయ్యేది కాదు. జైనం పేజీ రాశాక, జైన గురువు కుందకుందాచార్యుల ఊరని చెప్పుకునే మా అనంతపురం వైపు కొనకొండ్లకు వెళ్లి రసాసిద్ధుల గుట్ట మీద జైనుల తీర్థంకరుల విగ్రహాలను చూడండి. ఆదోనిలో వ్యాపారం చేసుకునే జైన కుటుంబాలున్నాయి, ఒకాయన దగ్గర కూర్చుని పేజీ చదివి వినిపించండి. ఇస్లాం పేజీకి కడప అమీన్ పీర్ దర్గా దగ్గర పెద్దవాళ్లు దొరుకుతారు. "బాబాయ్, మీరనేది ఇదేనా?" అని అడిగి, దిద్దినచోటల్లా వాళ్ల మాటలే రాసుకోండి. "ఆ, మేమనేది ఇదే" అనేదాకా ఆ పేజీ పెన్సిల్‌తోనే ఉండాలి. అది పూర్తయ్యాకే రెండో మతం మొదలుపెట్టండి, నాలుగైదు ఒకేసారి నెత్తిన పెట్టుకోవద్దు.