కణాన్ని బయటి నుంచి చదవడం – నాలుగో పాఠం: ఒకే వరి ఆకులో మూడు గోడలు

గత పాఠంలో ఉల్లిపొరలో కేంద్రకాన్ని గుర్తించడం నేర్చుకున్నాము. కేంద్రకపూర్వ కణానికీ (స్పష్టమైన కేంద్రకం లేనిది) నిజకేంద్రక కణానికీ (కేంద్రకం ఉన్నది) తేడా కేంద్రకమేనని చెప్పి ఊరుకుంటే పరీక్షకు సరిపోవచ్చు గాని, ఏ మందు ఏ జీవిపై ఎందుకు పనిచేస్తుందో అర్థం కావాలంటే కణం పైపొరలను తెలుసుకోక తప్పదు. అందువల్ల ఈ పాఠంలో బయటి నుంచి లోపలికి వెళదాము.

కోనసీమలోనైనా భీమవరం వైపునైనా వరిచేలలో కనిపించే రెండు తెగుళ్ల ఆకులను సేకరించండి. ఆకు కొన నుంచి అంచుల వెంట అలలుగా పసుపెక్కి ఎండుతూ వచ్చేది బాక్టీరియా ఎండాకు తెగులు. బూడిదరంగు మధ్యభాగంతో, గోధుమరంగు అంచుతో నూలుకండె ఆకారపు మచ్చలు వేసేది అగ్గితెగులు, దీనికి కారణం శిలీంధ్రం. మొదటిది కేంద్రకపూర్వ జీవి, రెండవది నిజకేంద్రక జీవి, వాటికి ఆశ్రయమిచ్చిన వరి కూడా నిజకేంద్రక జీవే.

ఎండాకు తెగులు సోకిన ఆకులో పచ్చభాగం, ఎండినభాగం కలిసే చోట చిన్న ముక్క కోసి, గాజుగ్లాసులోని తేటనీటిలో నిలబెట్టండి. కొద్ది నిమిషాలలో కోసిన అంచు నుంచి మసక తెల్లని ద్రవం సన్నని ధారగా దిగుతుంది. ఆ ధారలో లెక్కలేనన్ని బాక్టీరియాలతో పాటు అవి తమ చుట్టూ స్రవించుకున్న జిగురు పాలీశాకరైడ్ (చక్కెరల పొడవాటి గొలుసు) కూడా ఉంటుంది. కణానికి అన్నింటికన్నా వెలుపలి పొర ఇదే. సూక్ష్మదర్శిని లేకుండానే దీని ఉనికిని గ్రహించగలగడం ఈ పరీక్షలోని విశేషం. అగ్గితెగులు మచ్చ నుంచి ఇలాంటి ధార రాదు.

జిగురు కింద కణకవచం, అంటే కణం గోడ ఉంటుంది, అసలు పోలిక ఇక్కడే మొదలవుతుంది. మూడింటికీ గోడ ఉంది కనుక గోడ ఉందా లేదా అన్న ప్రశ్న ఇక్కడ పనికిరాదు. అది దేనితో కట్టినదో అడగాలి. బాక్టీరియా గోడలో చక్కెర గొలుసులను చిన్న పెప్టైడ్‌లు (అమైనో ఆమ్లాల పొట్టి గొలుసులు) అడ్డంగా కలిపే పెప్టిడోగ్లైకాన్ ఉంటుంది, శిలీంధ్రం గోడలో కైటిన్, గ్లూకాన్‌లు ఉంటాయి, వరికణం గోడలో సెల్యులోజ్ ప్రధానం. పెన్సిలిన్ ఆ పెప్టైడ్ అడ్డుకట్లు పడకుండా చేస్తుంది కాబట్టే పెప్టిడోగ్లైకాన్ లేని శిలీంధ్రాన్ని గాని, అసలు గోడే లేని మన కణాలను గాని అది ముట్టుకోదు.

1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ ప్రకటించిన రంగుపద్ధతి బాక్టీరియాలను రెండుగా విడదీసింది. ఊదారంగును నిలుపుకొనే వాటికి పెప్టిడోగ్లైకాన్ మందంగా ఉంటుంది. ఎండాకు తెగులు బాక్టీరియా, రొయ్యల చెరువులలోని విబ్రియో బాక్టీరియాలు రెండవ రకానికి చెందినవి: వీటి పెప్టిడోగ్లైకాన్ పలుచన, దానిపైన మరొక త్వచం (పలుచని కొవ్వుపొర) అదనం.

అగ్గితెగులు శిలీంధ్రం ఆకులోకి చొరబడే తీరును ప్రత్యేకంగా గమనించాలి. సిద్ధబీజం (శిలీంధ్రం విత్తనం వంటి కణం) మొలిచి ఆకుపై గుమ్మటం వంటి కణాన్ని కడుతుంది. దాని గోడకు లోపలివైపున మెలనిన్ అనే నల్లని వర్ణకపు పొర ఏర్పడటం వల్ల లోపల సుమారు 8 మెగాపాస్కల్‌ల ఒత్తిడి పెరిగి, ఆ బలంతో ఆకు పైపొరను ఛేదిస్తుంది. రైతులు పిచికారీ చేసే ట్రైసైక్లజోల్ ఆ మెలనిన్ తయారీని ఆపుతుంది. పొర కుదరని కణానికి చొరబడే శక్తి రాదు.

ఇక కణం బయటికి పొడుచుకు వచ్చి దాన్ని ఈదించే తోకవంటి కశాభం. బాక్టీరియా కశాభం ఫ్లాజెల్లిన్ అనే ప్రొటీన్ పోగు, మందం సుమారు 20 నానోమీటర్లు. దాని మొదట్లోని మోటారు ప్రోటాన్‌ల ప్రవాహంతో గిరగిర తిరుగుతుంది. నిజకేంద్రక జీవుల కశాభం దానికి పదిరెట్లకు పైగా మందం, త్వచంతో కప్పి ఉంటుంది, లోపల తొమ్మిది జతల సూక్ష్మనాళికల మధ్య మరో రెండు ఉంటాయి, కణానికి ఇంధనమైన ఏటీపీ శక్తితో వంగుతూ కొట్టుకుంటుంది. సాధారణ సూక్ష్మదర్శిని సుమారు 200 నానోమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న వాటిని విడదీసి చూపలేదు కనుక, రంగుతో మందం పెంచితే తప్ప మొదటిది కనబడదు.

అభ్యాసం: మడినీటి చుక్కలో పారమీషియం అనే ఏకకణ నిజకేంద్రక జీవిని వెతికి, దాని అంచున శైలికలు (పొట్టి కశాభాల వంటివి) కొట్టుకోవడాన్ని 400 రెట్ల వృద్ధిలో గీయండి. ఆ బొమ్మ పక్కనే మీ ధారలోని బాక్టీరియాను గీసి, కంటికి కనబడిన పొరలను నిండుగీతతోను, ఊహించిన పొరలను చుక్కలగీతతోను గుర్తించండి. వచ్చే పాఠంలో ఆ చుక్కలగీతలను ఒక్కొక్కటిగా పరీక్షిద్దాము.