కారు జీపీఎస్‌తో జియోకాషింగ్‌కు బయల్దేరే ముందు

జియోకాషింగ్ అంటే ఎవరో దాచిన డబ్బాను, వాళ్లిచ్చిన అక్షాంశ రేఖాంశాలను బట్టి జీపీఎస్‌తో వెతికే ఆట. 2000 మేలో అమెరికాలోని ఓరెగాన్‌లో మొదటి డబ్బా దాచినప్పటి నుంచి ఈ ఆటకు చేతి జీపీఎస్ బాగా కుదిరింది. కారు పరికరంతోనూ ఆడవచ్చు, కాకపోతే ఇవి చూసుకోండి.

• అన్నిటికంటే ముందు అక్షాంశ రేఖాంశాల అంకెలు రాసే పద్ధతి. ఈ ఆటలో డిగ్రీలు, నిమిషాలు, నిమిషానికి మూడు దశాంశ స్థానాలు ఇస్తారు. ఆ మొదటి డబ్బా అక్షాంశం 45 డిగ్రీల 17.460 నిమిషాలు. దాన్ని 45.1746 డిగ్రీలుగా కొడితే ఉత్తర దక్షిణాల్లోనే దాదాపు 13 కిలోమీటర్లు తప్పుతారు. పరికరం నిమిషాలు తీసుకోకపోతే వాటిని 60తో భాగించి డిగ్రీలకు కలపండి.

• కారు జీపీఎస్ మిమ్మల్ని దగ్గరలోని రోడ్డుకు అంటగడుతుంది. మీరు చెట్ల మధ్య ఉన్నా దాని లెక్కలో రోడ్డు మీదే! నడక మోడ్ గానీ ఆఫ్‌రోడ్ మోడ్ గానీ ఉందేమో ఇంట్లోనే చూడండి. లేకపోతే కారు ఆపే చోటు వరకే దాన్ని నమ్మండి.

• చార్జరు తీశాక బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో ముందే పరీక్షించండి. పెన్సిల్ సెల్స్‌తో నడిచే చేతి పరికరమైతే జేబులో అదనంగా రెండు చాలు.

• వానకు ప్లాస్టిక్ సంచి.

• కారు ఆపిన చోటును సేవ్ చేయండి. డబ్బా దొరికాక కారును వెతుక్కోవడం వేరే ఆట, దానికి ఆధారాలు ఎవరూ ఇవ్వరు.