నది నీటి పాత లెక్కల్లో తేడా కనిపిస్తే ఎక్కడ వెతకాలి?

గోదావరి, మానేరు నీటి పరీక్షల ఫలితాలను ఏళ్ల వరుసలో పేర్చి చూసేవారికి తరచుగా ఎదురయ్యే చిక్కులివి. నది మారిందని తేల్చే ముందు కొలిచిన తీరు మారిందేమో చూడాలి.

సమస్య: ఒక ఏడాది నుంచి నైట్రేటు ఉన్నట్టుండి నాలుగు రెట్లయింది.
కారణం: ఇలాంటి చోట యూరియాను నిందించడం తొందరపాటు. కొన్ని ప్రయోగశాలలు నైట్రేటు మొత్తాన్ని రాస్తే, కొన్ని అందులోని నత్రజనిని మాత్రమే రాస్తాయి. రెండింటికీ తేడా 4.43 రెట్లు. తాగునీటికి లీటరుకు 45 మిల్లీగ్రాముల పరిమితి నైట్రేటు లెక్క. నత్రజని లెక్కలో అది సుమారు 10.
పరిష్కారం: పట్టిక తలకట్టు చదివి, అన్నింటినీ ఒకే లెక్కలోకి మార్చండి.

సమస్య: భాస్వరం ఒక ఏడాది పెరిగి, మరో ఏడాది తగ్గుతూ ఏ దారికీ రావడం లేదు.
కారణం: ప్రవాహం. భాస్వరం మట్టిరేణువులను అంటిపెట్టుకుని ఉంటుంది కనుక, వానాకాలంలో డీఏపీ వేసిన పొలాల మీదుగా పారిన ఎర్రనీరు దాన్ని వాగులోకి మోసుకొస్తుంది. ఎండాకాలంలో సంగతి వేరు: వాగు సన్నబడి ఊరి మురుగే ఎక్కువ పాలు అవుతుంది. వరదతో పాటు పెరిగితే పొలాలను, వరద రాగానే పలచబడితే మురుగుకాల్వను ముందుగా అనుమానించాలి.
పరిష్కారం: నమూనా తీసిన రోజు ప్రవాహాన్ని పక్కనే రాసుకుని, ఒకే నెలలో దాదాపు ఒకే ప్రవాహమున్న రోజులనే పోల్చండి. వడగట్టిన నీటి ఫలితాన్ని వడగట్టని దానితో కలపకండి. నా అనుభవంలో ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

సమస్య: కరిగిన ఆక్సిజన్ మెరుగైనట్టు కనిపిస్తోంది, నీళ్లు మాత్రం పచ్చగానే ఉన్నాయి.
కారణం: నాచు పగలు ఆక్సిజన్ వదిలి, రాత్రి పీల్చుకుంటుంది. తెల్లవారుజామున ఘాటు మెట్ల దగ్గర ముంచిన సీసాకూ, మధ్యాహ్నం మూడింటికి అక్కడే ముంచిన సీసాకూ పొంతన ఉండదు.
పరిష్కారం: వేళ రాయని పాత ఫలితాలను పక్కన పెట్టి, ఇకపై ఒకే వేళకు నమూనా తీయండి.

సమస్య: శ్రీరాంసాగర్ దిగువన ఒండ్రు తగ్గుతోంది.
కారణం: ఎగువన మట్టి కోత ఆగిందని దీనర్థం కాదు. 112 టీఎంసీలతో కట్టిన జలాశయం సామర్థ్యం పూడిక వల్ల 80.5 టీఎంసీలకు పడిపోయింది. రావలసిన మట్టి అక్కడే నిలిచిపోతోంది.
పరిష్కారం: ఆనకట్టకు ఎగువ, దిగువ ఫలితాలను విడివిడిగా గీయండి. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత కలుస్తుంది కాబట్టి, ఆ సంగమానికి ఇరువైపులా ఉన్న కేంద్రాలను కూడా ఒకే గీతలో కలపకూడదు.