ఇంట్లో పాము గుడ్లు పొదిగించడం – 4వ పాఠం: నీళ్ల లెక్క

ఈసారి పిల్లలు బయటికి వచ్చే దశ చెబుదామనుకున్నాను. కానీ పోయిన పాఠం చదివి డబ్బా సిద్ధం చేసుకున్న చాలామంది గుడ్లకు బూజు పట్టిందని రాశారు. ముందు అది తేల్చుకుందాం.

పోయిన పాఠంలో చెప్పిన ‘వర్మిక్యులైట్ (గుడ్ల కింద పరిచే, తేమ పట్టి ఉంచే తేలికైన ఖనిజం పలుకులు) ఎంతో నీళ్లూ అంతే’ అన్నది బరువు లెక్క. గ్లాసుకు గ్లాసు కాదు. గ్లాసుడు నీళ్లు 200 గ్రాములుంటే, గ్లాసుడు వర్మిక్యులైట్ అందులో నాలుగో వంతు కూడా తూగదు. వంటింటి డిజిటల్ కాటా మీద 300 గ్రాములకు 300 గ్రాములు తూచి కలపండి. పిడికిట్లో గట్టిగా పిండితే ముద్ద కట్టాలి, ఒకటి రెండు చుక్కలకు మించి కారకూడదు. తడి ఎక్కువైనవాళ్లు కొత్తగా కలిపి, గుడ్ల గుత్తిని గుత్తిగానే ఎత్తి అందులోకి మార్చండి. అతుక్కున్నవాటిని విడదీయొద్దు.

మార్చేటప్పుడు తిప్పొద్దు! కోడి తిప్పుతుంది కదా అని రోజూ తిప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. కోడిగుడ్డులో పచ్చసొనను రెండు వైపులా పట్టి ఉంచే తెల్లటి పోగులుంటాయి. పాము గుడ్డులో అవి ఉండవు. పెట్టిన కొద్దికాలానికే పిండం పైభాగంలో పెంకు లోపలి పొరకు అంటుకుంటుంది. తలకిందులైతే సొన కింద నలిగి చనిపోవచ్చు. అందుకే మొదటి రోజే పైభాగాన పెన్సిల్‌తో గీత పెట్టండి. లోపలి రక్తనాళాలు చూడాలంటే గుడ్డు ఎత్తకుండా పక్కనుంచి చిన్న టార్చి ఆనించండి, ఎర్రగా కనిపిస్తాయి. చూశాక మూత పెట్టేయండి. పదేపదే చూడాలన్న ఆత్రం నాకు నచ్చదు.

ఇళ్లలో పెంచే విదేశీ పాముల్లో బాల్ పైథాన్‌కు 31–32 డిగ్రీలు, దాదాపు 55–60 రోజులు. కార్న్ స్నేక్‌కు 27–29 చాలు. హైదరాబాద్ మే నెలలో అసలు టెన్షన్ ఇక్కడే. థర్మోస్టాట్ హీటర్‌ను ఆపుతుందే తప్ప డబ్బాను చల్లబరచదు. పై అంతస్తు గది 37కి చేరితే గుడ్లూ అక్కడికే చేరతాయి. కింది అంతస్తులో లోపలి గదే నా ఎంపిక, లేదా ఏసీ గది.

బాల్ పైథాన్ పిల్లల వివరాలు కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. పెరట్లో దొరికిన జెర్రిపోతు గుడ్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం. అటవీశాఖకు చెప్పండి.

అభ్యాసం: ఖాళీ డబ్బాలో గుడ్లకు బదులు నీళ్ల సీసాలు పెట్టి వారం నడపండి. ఉదయం ఆరుకు, మధ్యాహ్నం మూడుకు, రాత్రి పదకొండుకు డిగ్రీలు రాసుకోండి. ఒకరోజు రెండు గంటలు ప్లగ్ తీసేసి ఎంత పడిపోతుందో చూడండి. కరెంటు ఉన్నప్పుడు ఒక డిగ్రీ కంటే ఎక్కువ తేడా వస్తే, సరిచేసి మళ్లీ మొదటి రోజు నుంచి రాయండి.