జానపద పాటకి కాపీరైట్ క్లెయిమ్ పడిందా? డిస్ప్యూట్ నొక్కే ముందు ఇది చూడండి

"జానపదం అన్నా, ఎవడి సొత్తూ కాదు, అయినా క్లెయిమ్ వేశారు" అని బతుకమ్మ రోజుల్లో, సంక్రాంతికీ వరసగా మెసేజులు వస్తాయి నాకు. క్లెయిమ్ అంటే మీ వీడియోలో ఉన్నది మాది అని యూట్యూబ్‌లో ఇంకొకరు హక్కు చెప్పుకోవడం, డిస్ప్యూట్ అంటే దానికి మీరు వేసే అభ్యంతరం. పాటల చానళ్ళ వాళ్ళకి ఈ పంచాయితీలు చాలానే తీర్చాను. నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే, యూట్యూబ్ స్టూడియోలో ఆ క్లెయిమ్ ఓపెన్ చేసి చదివారా? ఎవరు వేశారు, ఎన్నో సెకండు నుంచి ఎన్నో సెకండు దాకా పట్టుకుంది, అంతా అక్కడే ఉంటుంది. అది చూడకుండా "ఫెయిర్ యూజ్", అంటే అడక్కుండానే వాడుకోవడానికి చట్టం ఒప్పుకునే వాడకం, అని డిస్ప్యూట్ కొట్టేసి తర్వాత నా దగ్గరికి వస్తారు.

సమస్య: వేరేవాళ్ళ ఆడియో పెట్టారు, క్లెయిమ్ వచ్చింది.
పాట పాతదే, రికార్డింగ్ కొత్తది. మన చట్టంలో రికార్డింగ్‌కి రిలీజయ్యాక 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. పది సెకండ్లయితే పర్లేదు అనే రూల్ ఎక్కడా లేదు. ఆడియో మార్చండి, అంతే.

సమస్య: మీరే పాడారు, అయినా వచ్చింది.
ముందు ట్రాక్, అంటే మీ పాట వెనక వచ్చే సంగీతం, ఎక్కడిదో చూడండి. కీబోర్డ్ ఆయన అదే ట్రాక్‌ని ఇంకొకరికీ అమ్మి ఉంటాడు, వాళ్ళు ముందు రిజిస్టర్ చేసుకుని ఉంటారు. ట్రాక్ మీరు వాడుకోవచ్చని ఆయన దగ్గర రాతపూర్వకంగా తీసుకుని అప్పుడు డిస్ప్యూట్ వెయ్యండి.

ట్రాక్ కూడా లేదు, చప్పట్లూ డప్పే, అయినా వచ్చిందంటే అసలు సంగతి వేరే. నేను దెబ్బతిన్నది ఇక్కడే. మీరు జానపదం అనుకుంటున్నది జానపదం కాదు, దానికి రాసినాయన ఉన్నాడు.

మన దగ్గర ఇది మహా మోసం, ఎందుకంటే మంచి పాట పదేళ్ళు ఊళ్ళల్లో తిరిగితే చాలు, రాసినాయన పేరు రాలిపోయి పాట మిగుల్తుంది. "పల్లెటూరి పిల్లగాడా" ఎంతమంది జానపదం అనుకుంటారో, అది సుద్దాల హనుమంతు గారు రాసింది. ఆయన పోయింది 1982లో. రచయిత పోయాక 60 ఏళ్ళు హక్కు ఉంటుంది, అదీ పోయిన మరుసటి ఏడాది నుంచి లెక్క, అంటే 2042 చివరి దాకా. "ఏం పిల్లడో ఎల్దమొస్తవ" వంగపండు గారిది, ఆయన పోయింది 2020లో, మరి లెక్క మీరే వేసుకోండి. ఇంకో రకం ఉంది, అది ఇంకా కష్టం: పల్లవి ఊరిది, నిజంగానే ఎవరిదీ కాదు, కానీ చరణాలు ఈమధ్య ఎవరో క్యాసెట్ కోసం కట్టినవి. నేను పిల్లల చేత పాడించింది అలాంటిదే. వాళ్ళ అమ్మమ్మ నేర్పిందన్నారు, నేనూ నమ్మి డిస్ప్యూట్ వేశా, తిప్పికొట్టారు, పంతానికి పోయి అప్పీల్ కూడా వేశా, వీడియో పోయి స్ట్రైక్, అంటే చానల్ మీద యూట్యూబ్ హెచ్చరిక, పడింది. తర్వాత రాసినాయన కొడుకు ఫోన్ చేసి "మా నాయన పుస్తకంలో ఉంది బాబూ" అన్నాడు, తిట్టను కూడా తిట్టలేదు పాపం. అమ్మమ్మ రేడియోలో విని నేర్చుకుందట.

అందుకే క్లెయిమ్ పడిన నిమిషం ఏ చరణమో చూడండి. పల్లవి దగ్గర వదిలేసి చరణం దగ్గర పట్టుకుంటే అనుమానించాల్సిందే. ఆ చరణం వేరే ఊరి ముసలివాళ్ళకి వచ్చా అని అడగండి. పాత సేకరణల్లో వెతకండి, బిరుదురాజు రామరాజు గారి జానపద గేయ సాహిత్యం 1958 నాటిది, నేదునూరి గంగాధరం గారు సేకరించినవీ ఉన్నాయి. దొరికితే పుస్తకం పేరు, పేజీ నంబరు డిస్ప్యూట్‌లో రాయండి, క్లెయిమ్ వేసినవాళ్ళకి జవాబివ్వడానికి 30 రోజులు టైముంటుంది. దొరక్కపోతే ఆ చరణం తీసేసి పాడండి, లేదా రాసినాయన్నో ఆయన ఇంటివాళ్ళనో అడిగి పర్మిషన్ తీసుకోండి. వీడియో కింద రాసినాయన పేరు వేస్తే పర్మిషన్ అయిపోదు. డబ్బులు అక్కర్లేని పండగ వీడియో అయితే, బ్లాక్ చెయ్యనంతవరకు క్లెయిమ్ అలాగే వదిలెయ్యండి, అది స్ట్రైక్ కాదు.

సమస్య: పేరడీ చేశాం, ఫెయిర్ యూజ్ కదా?
డిస్క్రిప్షన్‌లో "సెక్షన్ 107" అని అతికించే వాళ్ళకి చెప్తున్నా, అది అమెరికా చట్టం. మనది 1957 చట్టం, సెక్షన్ 52, అందులో సొంత వాడకం, పరిశోధన, విమర్శ, సమీక్ష, వార్తలు ఉన్నాయి, పేరడీ అన్న మాటే లేదు. విమర్శ కింద వాదించుకోవాలి. అమెరికాలో కూడా 1994లో సుప్రీంకోర్టు పేరడీకి దారిచ్చింది కానీ, ఆ పాటనే వెక్కిరించడం వేరు, ఆ పాట పట్టుకుని ఇంకొకర్ని వెక్కిరించడం వేరు అని కూడా చెప్పింది. మన ఎలక్షన్ పాటలన్నీ రెండో రకమే. బాణీ నిజంగా ఊరిదైతే మాటలు ఎలాగైనా మార్చుకోండి, అడిగేవాడు లేడు, కానీ ఎవరిదో కరోకే మీద పాడొద్దు.

మూడు స్ట్రైకులు 90 రోజుల్లో పడితే చానల్ పోతుంది, ఆ పరిస్థితిలో ఉంటే లాయర్ని కలవండి. ఇక పక్కింటి పెళ్ళి మైకు మీ వీడియోలో పడి క్లెయిమ్ వచ్చిందంటే ఆ ముక్క ట్రిమ్ చేసెయ్యండి, దానికి నాకు ఫోన్ చెయ్యక్కర్లేదు.